ఎంత పిల్లకు?

నాకు అన్నిటికంటె ఎక్కువ భయం ఒక్కటే. నా బిడ్డ నా కళ్ళ ముందర ఇంకొకరిని, తల్లిని పిలిచినట్టు, ‘అవ్వా’ అని పిలుస్తుందేమోనని. పాముకు భయపడను. గోదావరి పొంగి మంచిర్యాల వీధుల్లోకి వచ్చినా భయపడను. దానికి భయపడతాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని, అయినా అంతే.

ఆరేండ్ల కిందట ఆ పొద్దున మా అత్త కమలవ్వ నా బిడ్డ కళావతి బట్టలు మూట కడుతున్నది. రెండు గౌన్లు, ఒక లాగు, జ్వరంలో కప్పిన పాత చీర ముక్క, కాటుక డబ్బీ. ఒక్కొక్కటి మూటలోకి పోతుంటే నేను పొయ్యి దగ్గర నిలబడి చూస్తున్నాను. నా చేతిలో గరిటె ఉన్నది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచడం లేదు.

“చొప్పదండికి తీస్కపోతున్న. లచ్చవ్వ కాడ కొన్నొద్దులుంటది” అన్నది అత్త.

లచ్చవ్వ నా ఆడబిడ్డ. పెళ్ళయి ఏడేండ్లయినా కడుపు పండలేదు.

“ఎన్నొద్దులత్తా?”

“నీకు పిల్ల యాదికొచ్చేదాంక.”

కిందటి వారం కళావతికి నాలుగు రోజులు జ్వరం కాసింది. మూడో రోజు మధ్యాహ్నం నేను పనిచేసే బట్టల దుకాణం నుంచి ఉరికి వచ్చేసరికి పిల్ల అత్త ఒడిలో ఉన్నది. అత్త ముఖంలోకి చూసి “అవ్వా, నీళ్ళు” అన్నది. నాయనమ్మను బాపమ్మా అనవలసిన పిల్ల. జ్వరంలో అన్న మాటను పట్టుకుంటారా అని నాకు నేను ఎంత చెప్పుకున్నా, ఆ మాట చెవిలో నుంచి పోలేదు. అత్త కూడా దాన్ని విడవలేదు. ఇరుగుపొరుగు వచ్చి పిల్ల ఎట్లున్నదని అడిగితే చాలు, జ్వరం సంగతి తర్వాత, ముందు అదే చెప్పేది.

గుంటమగ్గం మీద మా ఆయన అంబదాస్ నేస్తున్నాడు. మా మాటలు విని మగ్గం ఆపాడు. ఇప్పుడు మాట్లాడతాడు అనుకున్నాను. ఆయన తెగిన పోగును ముడివేసుకుని, వాళ్ళ అవ్వను “పన్నెండు గంటల బండికేనా?” అని అడిగి, మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఆయన తరఫున ఎప్పుడూ మగ్గమే మాట్లాడేది.

“ఇయ్యాల వారం అంగడి. నేను దుకాణం పోవాలె” అన్నాను.

“పో. నిన్నెవలాపిన్రు? ఆడ మంది ఎదురు చూస్తుంటరు. ఈడ పిల్లకు నేనున్న.”

మీరు అడుగుతారు, ఇంత జరుగుతుంటే ఎట్లా పోయావని. నిజం చెప్తాను. అత్త మాట అంటుందే తప్ప రైలెక్కదు అనుకున్నాను. ఇంకొకటి కూడా ఉన్నది. ఇంట్లో నేను ‘ఏమే’ని, ‘పిల్లా’ని, ‘కోడలు’ను. దుకాణంలో నేను నర్మదమ్మను. ఐదో తరగతిలో ఉండగా కండెలు చుట్టే చేతులు కావాలని మా బాపు బడి మాన్పించి ఇంట్లో కూచోబెట్టినప్పటి నుంచి, ఎవరైనా నన్ను ఒక మాట అడిగి, నా జవాబు కోసం ఆగింది ఆ దుకాణంలోనే.

స్టేషను రోడ్డు మీద చేనేత సంఘం వాళ్ళ బట్టల దుకాణం అది. ముందర రెండు టేకు కంబాలు, లోపల చాప, గోడ పొడుగునా అల్మారలు. ఆడవాళ్ళు వచ్చి లోపావడ బట్ట, పసిపిల్లల బట్ట మగవాళ్ళను అడగలేక తిరిగి పోతున్నారని, గుమాస్తా రామచంద్రం గారు నాలుగక్షరాలు వచ్చిన ఆడమనిషి కోసం వెతికి నన్ను పెట్టాడు. కొత్త గంజి వాసన, మడత విప్పితే లేచే సన్నటి నూగు, రైలు వచ్చినప్పుడల్లా అల్మార అద్దాలు గిలగిలమనడం. ఇప్పుడు ఎవరిని చూసినా టెరిలిన్ అంటున్నారు. ఆ వాసన టెరిలిన్‌లో ఎక్కడున్నది?

ఎటువంటెటువంటి మనుషులు వచ్చేవాళ్ళో! గనిలో పనిచేసే బక్కయ్య ఉండేవాడు. తువ్వాల కావాలని వచ్చి, దాన్ని తన ముందర పరుచుకొని, కూచునేవాడు. ఒక్క మాట మాట్లాడడు. ధర బోర్డు మీద రాసి ఉన్నది, అది తగ్గదు అని రామచంద్రం గారు ఒకసారి చెప్పి ఊరుకునేవాడు. బక్కయ్య రెండు చెంబుల నీళ్ళు తాగి, గంటసేపు తువ్వాలనే చూసి, చివరికి లేచి “సరే, మీ మాటే కానియ్యిండ్రి” అనేవాడు, అంతసేపు మేమే బతిమాలినట్టు. పోయేటప్పుడు ముఖం వెలిగిపోతుండేది.

మెథడిస్టు గుడిలో వాక్యం చదివే మోషే తాత ఇంకో తీరు. బట్టను గడపలోకి తీసుకుపోయి ఎండకు పట్టి, పోగు తప్పిన చోటు కోసం వెతికేవాడు. దొరికిందంటే ఆ బట్టే కొనేవాడు. “గీ తప్పు నాకియ్యి బిడ్డా. మంది చేతిల పడితే నిన్నంటరు” అనేవాడు. అందులో సగం మా ఆయన నేసినవే. ఈ సంగతి ఆయనకు నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ ఏడే గజం పోయి మీటరు వచ్చింది. మీటరు గజం కంటె మూడంగుళాలు పొడుగు అని చెప్తే ఎవరూ నమ్మలేదు. “ఊకె ఎక్కువిస్తరా ఎవలన్న? ఇందుల ఏదో ఉన్నది” అని, ఆడవాళ్ళు ఆ కర్రను అటూ ఇటూ తిప్పి చూసేవాళ్ళు.

పిల్లల బట్టకు మాత్రం గజమూ లేదు, మీటరూ లేదు. మా దిక్కు పల్లెల్లో బతికున్న పిల్లను కర్ర పెట్టి కొలవనివ్వరు, పెరుగుదల ఆగుతుందని వాళ్ళ నమ్మకం. పుట్టిన తారీఖు చెప్పేవాళ్ళు కూడా తక్కువే. అందుకని నేను “ఎంత పిల్లకు?” అని అడుగుతాను. వాళ్ళు కంబం పక్కన చెయ్యి చాపి “గింత పిల్లకు” అంటారు. ఆ చేతి కింద నేను సుద్దతో గీత గీసి, కింది నుంచి గీత దాకా కొలుస్తాను. సాయంత్రానికి ఆ కంబం మీద ఊరి పిల్లలందరూ నిలబడినట్టు ఉండేది. పొద్దున తడిగుడ్డతో తుడిచేదాన్ని.

ఆ కంబం దగ్గరికి అందరికంటె ఎక్కువసార్లు వచ్చిన మనిషి గంగుబాయి.

కట్టెల డిపోలో కూలి చేసేది. తలలో ఎప్పుడూ టేకు పొట్టు. ఊరు సిర్పూరు అవతల, తెలుగు మరాఠీ కలిపి మాట్లాడేది. ప్రతి అంగడికీ వచ్చి చెయ్యి చాపి “గింత పోరికి” అనేది. నేను పూల బట్టలు, చారల బట్టలు తీసి పరిచేదాన్ని. ఒక్కొక్కటి అంచు పట్టి చూసి, నా కంటె చక్కగా మడిచి, దొంతి పెట్టి, “మళ్ళొస్త బాయి” అని వెళ్ళిపోయేది. మూడేండ్లలో ఒక్క ముక్క కొనలేదు. రామచంద్రం గారు మొదట్లో విసుక్కొని, తర్వాత ఆమె మడతలు చూసి ఊరుకున్నాడు.

ఆ రోజు కూడా వచ్చింది. నా మనసంతా స్టేషను గంట మీద ఉన్నది. పన్నెండు గంటల బండి పెద్దపల్లి దిక్కు పోయేది, చొప్పదండికి అటే దారి. గంగుబాయి చెయ్యి చాపింది. నేను సుద్ద తీసుకొని గీత గీయబోయాను. ఆమె చెయ్యి కంబంలో ఉన్న మేకు మీదికి సరిగ్గా వచ్చింది. పోయినసారీ అదే మేకు. అంతకు ముందూ అదే. మూడేండ్లుగా నేను చూస్తూ చూడనిది ఆ పూటే కనపడింది, నోరు ఆగలేదు.

“అక్కా, నువ్వెప్పుడు ఒచ్చినా గింతే అంటవు. నీ పిల్ల పెరుగుతలేదా?”

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆ పిల్ల బతికి లేదేమో, నేను ఎంత మాట అన్నానో అనుకున్నాను.

గంగుబాయి చెయ్యి దించలేదు.

“పెరిగే ఉంటది బాయి. నేను సూడలే.”

ఆ తర్వాత బట్టలు మడుస్తూ మెల్లగా చెప్పింది. మొగుడు పోయాక డిపోలో కూలికి కుదిరిందట. ఇప్పుడు మహారాష్ట్రలో కలిసిన రాజురా దగ్గర పల్లెలో ఆమె ఆడబిడ్డ ఉన్నది. పిల్లను చూసేవాళ్ళు లేరని, ఒక్క నెల తన దగ్గర ఉంచుకుంటానని తీసుకుపోయింది. పని వదలడం కుదరక, ఇదిగో పోతా, అదిగో పోతా అనుకుంటూ ఆరు నెలలకు పోయింది. పిల్ల వెళ్ళి ఆడబిడ్డ కొంగు వెనక దాక్కున్నది. ఆమెను ఆయి అంటున్నది. ఆయి అంటే వాళ్ళ భాషలో అవ్వ. ఎవరు వచ్చారో చూడు అని అందరూ ముందుకు తోస్తే, గంగుబాయిని చూసి మావ్శీ అన్నది. పిన్ని అన్నమాట.

“మళ్ళ పోలేదా?” అని అడిగాను.

“ఇంకోపారి పోతే గది గూడ అనదేమో” అన్నది.

ఆమె చాపే చెయ్యి పిల్లను చివరిసారి ఎత్తుకొని దించినప్పటి ఎత్తు. అంతకు మించి ఆమెకు తెలియదు. నేను దొంతిని పట్టుకొని అట్లాగే కూచున్నాను. ఇంటికి ఉరకాలని లేవబోతున్నాను.

అంతలో గడపలో మా అత్త నిలబడి ఉన్నది. చంకలో కళావతి, చేతిలో మూట.

ఆమె ఎన్నడూ ఆ దుకాణం మెట్టు ఎక్కలేదు. రామచంద్రం గారికి ఆమె ఎవరో తెలియదు, రండి కూచోండి అన్నాడు. అత్త కూచోలేదు. నన్ను ఎరగనట్టే చూసి, “గౌను బట్ట చూపెట్టుండ్రి. పిల్ల ఊరికి పోతున్నది” అన్నది. నా పెళ్ళయిన ఐదేండ్లలో అత్త నాతో ‘ఉండ్రి’ అని మర్యాద చేర్చి మాట్లాడింది ఆ ఒక్కసారే.

నేను బట్టలు తీశాను. చేతులు వాటంతట అవే తీశాయి. పచ్చ పూలది, ఎర్ర చారలది. పరిచాను. పరిచిన తర్వాత ఎప్పుడూ అడిగే మాట నోట్లో నుంచి దానంతట అదే వచ్చింది.

“ఎంత పిల్లకు?”

అత్త పిల్లను చంక దించి నేల మీద నిలబెట్టింది.

“ఎంత పిల్లనో నువ్వే చెప్పు. నీ బిడ్డనే గదా.”

కళావతి ఆమె కొంగు పట్టుకొని వెనక్కి పోయింది. నేను కంబం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. ఆ మాత్రం తెలియదా నాకు అనుకుంటూనే చాపాను. నేను దేన్ని చూపిస్తున్నానో చూద్దామని పిల్ల కొంగు వదిలి వచ్చి కంబం పక్కన నిలబడింది.

దాని తల నా చేతికి బెత్తెడు పైన ఉన్నది.

కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కానీ అప్పటికే అందరూ చూశారు. రామచంద్రం గారు కాగితాల వైపు తిరిగిపోయాడు. గంగుబాయి మడత సగంలో ఆపింది. అత్త ‘చూసినవా’ అని అనవచ్చు. అనలేదు. అన్నా బాగుండేది. పొద్దున చీకటితో ఇంటి పని, తర్వాత దుకాణం, సాయంత్రం పోతే పిల్ల అత్త పక్కన నిద్ర. పడుకున్న పిల్ల ఎత్తు ఎవరికి తెలుస్తుంది?

మాట్లాడింది గంగుబాయి.

“బాయి, జర ఇనుండ్రి. మా ఆడబిడ్డ గూడ పిల్ల బాగుండాలనే తీస్కపోయింది. మంచిగనే సాదింది. పోయేటప్పుడు గౌను గూడ కుట్టించింది. తప్పెవలదో నాకిప్పటికి సమజ్ గాలే.”

అత్త ఆమెను కింది నుంచి పై దాకా చూసింది.

“నేనేం ఎత్కపోతలేనమ్మా. నా కొడుకు బిడ్డ.”

“గామె గూడ ‘మా తమ్ముని బిడ్డనే’ అన్నది.”

స్టేషనులో గంట కొట్టారు.

“బండొస్తున్నది” అన్నది అత్త నా వైపు చూడకుండా. “కొలిచేదుంటే కొలువు. ఈసారి సరిగ్గ కొలువు.”

పిల్లను కంబానికి ఆనించి నిలబెట్టాను. మడమలు ఆనించమంటే వంగి మడమలు చూసుకున్నది. లేపితే నవ్వి మళ్ళీ వంగింది. తల మీద గీత గీస్తుంటే సుద్ద విరిగింది. ఇంకొకటి వెతికాను. గీసి, పిల్లను పక్కకు జరిపి, గీత కొలిచాను. మీటరు కొత్తది కదా అని మళ్ళీ కొలిచాను. మీ దగ్గర అబద్ధం ఎందుకు, కావాలనే మెల్లగా చేశాను. అది అత్తకు తెలుసు. రామచంద్రం గారికీ తెలుసు. నా వేళ్ళ కింద పిల్ల తలలో చెమట వాసన, జ్వరం విడిచిన పిల్లల దగ్గర వచ్చే వాసన. దాన్ని కూడా అప్పుడే చూశాను.

అల్మార అద్దాలు గిలగిలమన్నాయి. బండి వచ్చింది, ఆగింది, కూత వేసి పోయింది. అత్త కదలలేదు.

“రేపు గూడ ఉంటది బండి” అన్నది, ఎవరితోనో అన్నట్టు. మెట్టు మీద కూచున్నది. కళావతి పోయి ఆమె పక్కన కూచొని మూట ముడిని లాగసాగింది.

అప్పుడు గంగుబాయి నన్ను అడిగింది, ఆరేడేండ్ల పిల్ల ఎంత ఉంటుందని. నాకేం తెలుసు? నా పిల్లదే నాకు తెలియదని ఇప్పుడే తేలింది. నేను తెల్లముఖం వేస్తే, మెట్టు మీద నుంచి అత్త లేచింది. నడుము పట్టుకొని కంబం దగ్గరికి వచ్చి తన చెయ్యి చాపింది.

“మా లచ్చవ్వ గా ఈడుకు గింతుండె.”

ఇరవై ఏండ్ల కిందటి ఎత్తు. ఆలోచించకుండా, వెతుక్కోకుండా చాపింది. ఆ ఈడులో లచ్చవ్వ ఎన్నడన్నా అత్తకు దూరంగా ఉన్నదా అని నేను అప్పుడే అనుకున్నాను. ఆ వెనకనే, ఒళ్ళో పిల్ల లేని లచ్చవ్వను తలచుకొని అత్త ఎన్ని పొద్దులు అన్నం దగ్గర నుంచి లేచిపోయిందో, అది కూడా గుర్తుకు వచ్చింది. అంతదాకా నేను నా భయమే చూసుకున్నాను.

గంగుబాయి ఆ చేతిని చాలాసేపు చూసింది. తన చెయ్యి తెచ్చి దాని పక్కన పెట్టింది, అంత ఎత్తు అలవాటు చేసుకుంటున్నట్టు. పచ్చ పూల బట్ట అడిగింది. కత్తిరించి ఇచ్చాను. తానే మడుచుకొని రొంటిన పెట్టుకున్నది.

“రాజురా పోతవా అక్కా?”

“పోత. తొడుగుతదో తొడగదో. సూసన్న ఒస్త.”

డిపో దిక్కు కాకుండా స్టేషను దిక్కు నడిచిపోయింది. పై ఊళ్ళకు పోయే బండి మూడు గంటలకు.

మరుసటి అంగడికి ఆమె రాలేదు. ఆ పై అంగడికీ రాలేదు. డిపోలో అడిగిస్తే కూలి లెక్క తీసుకోకుండానే పోయిందన్నారు. పూల బట్టలు కొత్తవి వచ్చినప్పుడల్లా ఒక దొంతి మడవకుండా ఉంచేవాడు రామచంద్రం గారు.

ఆ సాయంత్రం ఇంటికి పోయాక అత్త మూట విప్పుతుందేమోనని పని చేస్తూ ఓరకంట చూశాను. విప్పలేదు. కట్టింది కట్టినట్టే దండెం మీద పెట్టింది. మా ఆయన మూటను చూశాడు, నన్ను చూశాడు, మగ్గం గుంటలోకి దిగాడు. రేపటి బండికి ఇంకా పొద్దున్నది. నేను చేతులు కడుక్కొని కళావతిని ఒళ్ళో కూచోబెట్టుకొని అన్నం కలిపాను. అత్త ఏమంటుందా అని ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను. ఆమె తన కంచం తీసుకొని వాకిట్లోకి పోయి తిన్నది.

దీని తర్వాత మా ఇంట్లో ఏమైందో నేను చెప్పగలను, నా ఇల్లు కాబట్టి. గంగుబాయి ఇంట్లో ఏమైందో చెప్పలేను. ఆరేండ్లయింది. కళావతిని, దాని తర్వాతి బిడ్డను వదిలి నేను అంత దూరం పోలేను.

మీలో సిర్పూరు దాటి పైకి పోయేవాళ్ళు, రాజురా దిక్కు చుట్టాలున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి ఆమెను విచారించండి. నల్లటి మనిషి, పొడగరి, ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. ఆమె పక్కన పన్నెండు పదమూడేండ్ల పిల్ల కనపడితే, పలకరించకుండా వచ్చినా సరే. ఒక్కతే ఉంటే మాత్రం కాసేపు దగ్గర కూచొని, ఇంత తిన్నదో లేదో అడిగి రండి.